తోటమాలి కొడుకు కత్తి పట్టిన కాలం

తెలుగు జానపద చిత్రాల్లో చాలాభాగం మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యాయి. అట్టముక్కల కోటలు, రంగు వేసిన గుహలు, తెర మీద గీసిన ఆకాశాలు అన్నీ అక్కడివే. కానీ వాటి వేళ్లు వెతుకుతూ పోతే మనం తేలేది కృష్ణా డెల్టాలోనే. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ ఒక్కదాన్ని తీసుకుని అందులో పనిచేసినవాళ్ల ఊర్లు అడిగి చూడండి. తోట రాముడు వేసిన ఎన్.టి. రామారావుది పామర్రు దగ్గర నిమ్మకూరు. నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడులో. సంగీతం కూర్చి పాడిన ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి. నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిది కూచిపూడి. మాటా పాటా రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి, బందరు నాటక సమాజాలకు రాసి చేయి తిరిగినవాడు. రాకుమారి మాలతిది ఏలూరు. ఒక నాట్యంలో కనిపించి మాయమయ్యే పడుచు పిల్ల సావిత్రిది బెజవాడకు ఏటి అవతలి ఒడ్డున చిర్రావూరు. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి.

దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి, మరో నిర్మాత నాగిరెడ్డిది కడప జిల్లా, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆంగ్లో ఇండియన్. వాళ్లు లేకపోతే ఆ సినిమా లేదు, నిజమే. అయినా ఆ కథను నమ్మదగిన కథగా చేసిన గొంతు, నడక, యాస, వెటకారం ఈ నాలుగైదు కాలవల మధ్య నేలవి. జానపద చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు మనం మంత్రాలూ తంత్రాలూ చెప్పుకుని, ఎగిరే తివాచీలూ మాట్లాడే కపాలాలూ చెప్పుకుని ముగిస్తాం. వాటికన్నా ముందు చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ సినిమాలు రాజుల కథలు కావు. రాజు కోటగుమ్మం ముందు నిలబడి లోపలికి చూసే మనిషి కథలు. అందుకే అవి రాజులు పోయిన కాలంలో పుట్టి, పొలం గట్ల మీద నడిచే జనంతో నూరురోజులు ఆడాయి.

డెల్టాకు సినిమా ముందే తెలుసు. తెలుగు సినిమాకు పితామహుడని మనం పిలిచే రఘుపతి వెంకయ్య బందరువాడే. బెజవాడలో 1921లోనే పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు కట్టాడు. అప్పటికి తెలుగు మాట్లాడే బొమ్మ పుట్టడానికి ఇంకా పదేళ్లుంది. ఇంత తొందరగా హాళ్లు రావడానికి కారణం ఏట్లో ఉంది. 1855 నాటికి కృష్ణ మీద పూర్తయిన ఆనకట్ట, దాని కింద పారిన కాలవలు మెట్టనేలను మాగాణి చేశాయి. వరి పండింది. చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. మిగిలిన డబ్బు కొంత చదువులకు, కొంత నాటకాలకు, ఆ తర్వాత సినిమాలకు పోయింది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో సారథి సంస్థ నడిచింది. నూజివీడు దగ్గరి మీర్జాపురం రాజావారు శోభనాచల స్టూడియో పెట్టారు. బెజవాడ గాంధీనగరం సినిమా పంపిణీకి రాజధాని అయింది. నవయుగ వంటి సంస్థలు అక్కడ కూర్చుని ఏ బొమ్మ ఏ ఊళ్లో ఆడాలో నిర్ణయించేవి. మద్రాసులో తీసిన సినిమా ఆడుతుందో ఆడదో తేల్చేది బెజవాడ ఆఫీసులే.

డబ్బుంటే హాలు కట్టవచ్చు, కథ మాత్రం డబ్బుతో రాదు. ఆ కథ ఇక్కడ అప్పటికే ఉంది. సంక్రాంతికి గుమ్మెట్లు మోగించుకుంటూ వచ్చే కథకులు బాలనాగమ్మనూ కాంభోజరాజునూ రాత్రంతా చెప్పేవారు. తిరునాళ్లలో చవక కాగితం మీద అచ్చువేసిన ఆ కథల పుస్తకాలే అమ్ముడయ్యేవి. సురభి నాటక సమాజంవాళ్లు ఊరూరా డేరాలు వేసి రంగస్థలం మీదే మనుషుల్ని ఎగరేసి, మాయం చేసి చూపేవారు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల ‘కాశీ మజిలీ కథలు’ రాశారు. అందులో కాశీకి పోయే యతి ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. వినేవాడు ఎవరు? ఒక పశువుల కాపరి. కథ చెబితేనే వెంట వస్తానని పట్టుబట్టినవాడు. మన జానపద కథకు శ్రోత ఎవరో ఆ పుస్తకమే తేల్చి చెప్పింది. రాకుమారుల సంగతులన్నీ విని, మధ్యమధ్య ఎదురు ప్రశ్న వేసేది పశువులు కాసుకునే కుర్రాడు. ఆ కుర్రాడే తర్వాత నేల టికెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్నాడు.

తొలి పెద్ద విజయం 1942 నాటి జెమినీ ‘బాలనాగమ్మ’. సి. పుల్లయ్య దర్శకుడు, కాంచనమాల కథానాయిక. మాయల మరాఠీగా తెనాలి వైద్యుడు డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు నటించారు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న ఆ మాంత్రికుడు, పెళ్లాన్ని ఎత్తుకుపోయి, వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి రాయిని చేస్తాడు. అంతటివాణ్ణి చివరికి జయించేది మహావీరుడెవరూ కాదు, ఒక చిన్న పిల్లవాడు. తల్లిని వెతుక్కుంటూ వచ్చిన బాలవర్ధి. ఆ ఏడాదే అదే కథతో ఇంకో సినిమా కూడా పోటీగా వచ్చిందంటే ఆ కథ మీద జనానికున్న మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత రెండేళ్లకు బెజవాడ రైల్వే స్టేషనులో ఒక చిత్రం జరిగింది. నాటకాల్లో ఆడవేషాలు వేసే గుడివాడ ప్రాంతపు కుర్రాడొకణ్ణి దర్శకుడు ఘంటసాల బలరామయ్య ప్లాట్‌ఫారం మీద చూశాడు. రామాపురం నుంచి వచ్చిన ఆ కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు. 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముణ్ణి చేశాడు. ఇవాళ మనకు నాగేశ్వరరావు అంటే దేవదాసు, పంచె, కుక్కపిల్ల గుర్తుకొస్తాయి. ‘దేవదాసు’ 1953 నాటి మాట. దానికి ముందు దాదాపు పదేళ్లు ఆయన మనకు కత్తి పట్టిన కథానాయకుడు. ‘మాయాలోకం’, ‘ముగ్గురు మరాఠీలు’, ‘బాలరాజు’, ‘కీలుగుర్రం’, ‘స్వప్నసుందరి’, ‘స్త్రీ సాహసం’ - ఎక్కువగా అవే. సన్నగా, సున్నితంగా ఉండే ఆ మనిషి రాక్షసుల్ని గెలుస్తుంటే జనం నమ్మారు. బలం వల్ల కాదు, తెగింపు వల్ల గెలుస్తున్నాడని నమ్మారు. 1948లో ‘బాలరాజు’ ఆడిన తీరు చూశాకే జానపదం అంటే లాభసాటి సరుకు అన్న నమ్మకం మద్రాసులో స్థిరపడింది.

1949 నాటి ‘కీలుగుర్రం’ దగ్గర కాస్త ఆగాలి. ఎగిరే కొయ్యగుర్రం, మనిషి వేషంలో అంతఃపురంలో చేరిన రాక్షసి, ఆ రాక్షసిగా అంజలీదేవి చూపిన హొయలు, నాగేశ్వరరావుకు ఘంటసాల గొంతు - ఇవన్నీ ఒక ఎత్తు. దాన్ని నిర్మించి దర్శకత్వం వహించింది మీర్జాపురం రాజావారు కావడం ఇంకో ఎత్తు. అంతకు ముందు సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీలు పోతున్నాయి. దివాణాలు తాళాలు వేసుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక జమీందారు స్వయంగా కెమెరా వెనక నిలబడి, అడవిలో పెరిగిన కుర్రాడు వచ్చి కోటలో జరుగుతున్న అన్యాయాన్ని బట్టబయలు చేసే కథ తీశాడు. ఆయన ఏ ఉద్దేశంతో తీశాడన్నది వేరే సంగతి. చూసిన రైతుకు మాత్రం ఆ సింహాసనం, ఆ కొలువు, ఆ దండోరా కొత్త కాదు. చల్లపల్లి, మీర్జాపురం, నూజివీడు దివాణాలను అతను కళ్లారా చూసినవాడే. కోటలో జరిగిన తప్పు బయటపడక తప్పదన్న ముగింపు అతనికి కల్పనలా తోచి ఉండదు. పొద్దున పత్రికలో చదివినదే సాయంత్రం తెర మీద కిరీటం పెట్టుకుని కనిపించింది.

అప్పుడు వచ్చింది ‘పాతాళ భైరవి’. 1951 మార్చి 15న విడుదల. విజయా సంస్థకు అది రెండో సినిమా. మొదటిది ‘షావుకారు’, మంచి పేరు తెచ్చింది కానీ డబ్బు తేలేదు. అందుకని చక్రపాణి, నాగిరెడ్డి ఈసారి జనం మెచ్చే జానపదం తలపెట్టారు. కాశీ మజిలీ కథల్లోని ఒక కథను, అల్లావుద్దీన్ దీపాన్ని కలిపి పింగళి కథ అల్లాడు. బందరులో డి.వి. సుబ్బారావుగారి ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి నాటకాలు రాసి రాటుదేలిన కలం అది. అందుకే ఆ మాటలు కాగితం మీద కన్నా నోటిలో బాగుంటాయి. లేని మాటల్ని పుట్టించి, ఉన్న మాటల్ని వంకర తిప్పి, మాంత్రికుడికి ఒక భాష, అతని శిష్యుడికి ఒక భాష, రాజుగారి బావమరిదికి ఒక భాష పెట్టాడు. ఆ సినిమా చూడనివాళ్లు కూడా ఇవాళ్టికీ సరదాగా ఎదుటివాణ్ణి డింభకా అని పిలుస్తారు.

రాముడు ఉజ్జయిని కోటలో తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమించాడు. దొరికిపోయాడు. అతని ధైర్యం చూసి రాజు తల తీయించకుండా ఒక షరతు పెట్టాడు: మాతో సమానమైన ఐశ్వర్యం సంపాదించుకుని రా. నా దృష్టిలో ఆ సినిమా గుండె అంతా ఈ షరతులోనే ఉంది. పిల్ల ఇష్టపడింది, పిల్లవాడు ధైర్యవంతుడు, అయినా అడ్డు ఆస్తి. డెల్టా పల్లెల్లో ఈ మాట అనని తండ్రి ఉన్నాడా? ఎకరాల లెక్క సరిపోక ఆగిపోయిన సంబంధాలు ఎన్ని ఉంటాయో అన్ని గుండెలు ఆ షరతు దగ్గర కలుక్కుమని ఉంటాయి. అక్కడి నుంచి రాముడి దారి మాంత్రికుడి దగ్గరికి. మాంత్రికుడికి ఒక సాహసి కావాలి, పాతాళ భైరవికి బలి ఇవ్వడానికి. అంటే పేదవాడి సాహసం మీద తన అధికారం కట్టుకోవాలని చూసే మనిషి అతను. ఆ సంగతి తెలిసి రాముడు అతన్నే బలి ఇచ్చి, భైరవి ప్రతిమను దక్కించుకుంటాడు. ఒక్క రాత్రిలో మేడ లేస్తుంది. కథ అక్కడ ఆగితే అది వట్టి అదృష్టం కథ. ఆగదు. మాంత్రికుడు సంజీవనితో లేచి వచ్చి ప్రతిమనూ మేడనూ రాకుమారినీ ఎత్తుకుపోతాడు. మంత్రంతో వచ్చింది మంత్రంతో పోయింది. మళ్లీ వట్టి చేతుల తోట రాముడే మిగిలాడు. రాకుమారిని తిరిగి తెచ్చుకోవడానికి అతని దగ్గర ఉన్నది తన తెగింపు, వెంట వచ్చిన అంజి స్నేహం. మాయాపావుకోళ్లు, కనపడకుండా చేసే శాలువా దొరికినా వాటిని వాడే తెలివి అతనిదే.

మాంత్రికుడి సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రంగారావుకు అప్పటికి ముప్పై రెండేళ్లు. ఆ వయసులో ఆ గడ్డం, ఆ కర్ర, ఆ వంకర నడక, ఆ చూపు ఎక్కడి నుంచి తెచ్చాడో! అతను దుర్మార్గుడే గాని సోమరి కాదు. ఏళ్ల తరబడి సాధన చేసినవాడు, దేవతను నమ్మినవాడు. తన లెక్క తప్పదని ధీమా. అందుకే అతణ్ణి చూస్తే భయం వేస్తుంది, నవ్వూ వస్తుంది, ఎక్కడో చిన్న గౌరవం కూడా కలుగుతుంది. ఆ తర్వాత వచ్చిన మాంత్రికులు నూటికి తొంభై మంది గుడ్లురిమి పెద్దగా నవ్వారే తప్ప, ఆ శ్రద్ధ ఒక్కరిలోనూ కనిపించదు. రాముడి తల్లిగా వేసిన సురభి కమలాబాయి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించిన మనిషి. డేరా నాటకాల సంప్రదాయమే వచ్చి ఆ సినిమాలో అమ్మ వేషం కట్టింది.

1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. ‘పాతాళ భైరవి’ని అక్కడ ప్రదర్శించారు. ఇటలీ నుంచి వాస్తవిక చిత్రాలు వచ్చి మన దర్శకుల కళ్లు తెరిపించిన ఉత్సవం అది. వాటి సరసన మన తోటమాలి కొడుకు నిలబడ్డాడు. అతనూ ఒక రకం పేదవాడి కథే చెప్పాడని నాకనిపిస్తుంది, కాకపోతే కత్తి పట్టుకుని చెప్పాడు.

ఈ సినిమాలు పల్లెలకు చేరిన తీరు కూడా కథలాంటిదే. పట్నంలో మారుతి, దుర్గాకళామందిరం వంటి హాళ్లలో ఆడి అరిగిన ప్రింటు టూరింగ్ టాకీసులకు వచ్చేది. పంట ఒబ్బిడి అయి, నాలుగు డబ్బులు చేతిలో ఆడే వేళకు ఊరి చివర బయలులో డేరా లేచేది. వాల్‌పోస్టరు కట్టిన బండి డప్పుతో ఊళ్లు తిరిగేది. ఎడ్లబండ్లు కట్టుకుని, అన్నం మూటలతో, చంటిపిల్లలతో వచ్చేవారు. ముందు నేల, వెనక బెంచీ, ఇంకా వెనక కుర్చీ. ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు రీలుకూ దీపాలు వెలిగేవి. ఆ విరామంలో ఏం జరగబోతుందో వాదించుకునేవారు. ఊళ్లో ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నిలబడాలో పుట్టుకతోనే నిర్ణయమైపోయిన మనుషులకు డేరా కింద ఆ చీకటి కొంచెం వెసులుబాటు ఇచ్చింది. పూర్తిగా ఇచ్చిందని అనను. కుర్చీలో ఎవరు కూర్చున్నారో, నేల మీద ఎవరు కూర్చున్నారో అందరికీ తెలుసు. కానీ తెర మీద తోట రాముడు రాజుతో కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడినప్పుడు ఈలలు నేల మీద నుంచే లేచేవి.

డేరా లేని రోజుల్లో ఆ ఆకలి తీర్చింది ‘చందమామ’. విజయా సంస్థవాళ్లే 1947 జూలైలో మొదలుపెట్టారు. తెనాలి దగ్గర పెదగాదెలవర్రు నుంచి వెళ్లిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో తన ధారావాహికలకు శ్రీకారం చుట్టారు. ‘మకర దేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసి లోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ - ఏళ్ల తరబడి నెలనెలా పిల్లలు గుమ్మంలో నిలబడి పోస్టుమాన్ కోసం ఎదురుచూశారు. చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మల్లో ఆ మాంత్రికుల టోపీలు, ఆ గండ్రగొడ్డళ్లు, ఆ వింత జంతువులు ఏ సినిమాలోనూ అంత ధాటిగా లేవు. చాలా ఏళ్లు తన పేరు అచ్చులో లేకుండానే రాసిన సుబ్రహ్మణ్యంగారు చివరి రోజులు విజయవాడలో గడిపి 2010లో అక్కడే కన్నుమూశారు. జానపద చిత్రాల చరిత్ర రాసేవాళ్లు ఆయన్ను పిల్లల రచయితల జాబితాలో పెట్టి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. రెండు తరాల ప్రేక్షకుల్ని తయారుచేసి హాళ్లకు పంపినవాడాయన.

యాభైల్లో, అరవైల మొదట్లో ఈ ధార రెండు పాయలైంది. ఒకటి పెద్దింటి పాయ. కూచిపూడిలో పుట్టిన వేదాంతం రాఘవయ్య 1957లో తీసిన ‘సువర్ణసుందరి’, కె.వి. రెడ్డి 1961లో తీసిన ‘జగదేకవీరుని కథ’, ఎన్.టి.ఆర్. సొంత సంస్థ నుంచి వచ్చిన ‘జయసింహ’, ‘గులేబకావళి కథ’ ఈ వరుసలోవి. సంగీతం, నృత్యం, హాస్యం అన్నీ తూచి వేసిన సినిమాలు. కె.వి. రెడ్డి ఏ సన్నివేశం ఎన్ని అడుగుల ఫిల్ము రావాలో ముందే లెక్కగట్టుకునే మనిషి.

రెండో పాయ విఠలాచార్యది. ఉడుపి దగ్గర ఉద్యావర నుంచి వచ్చిన కన్నడిగుడు. తెలుగువాడికి ఏం కావాలో తెలుగువాళ్లకన్నా బాగా పట్టుకున్నాడు. 1960లో ఇంద్రకీలాద్రి అమ్మవారి పేరు పెట్టుకుని ‘కనకదుర్గ పూజామహిమ’ తీశాడు. కౌతారం నుంచి వచ్చి వేషాల కోసం తిరుగుతున్న కైకాల సత్యనారాయణకు అందులో ప్రతినాయక వేషం ఇచ్చాడు. అక్కడి నుంచి ‘మదనకామరాజు కథ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘జ్వాలాద్వీప రహస్యం’, ‘అగ్గిబరాటా’, ‘పిడుగు రాముడు’, ‘చిక్కడు దొరకడు’, ‘గండికోట రహస్యం’, ‘లక్ష్మీకటాక్షం’ - పేరు వింటేనే టపాసు పేలినట్టుండేది. వేసిన సెట్టునే రంగు మార్చి మళ్లీ వాడేవాడు. అనుకున్న రోజుకు సినిమా పూర్తి చేసేవాడు. నటుడెవరైనా మొండికేస్తే, ఆ పాత్రను చిలకనో మేకనో చేసి మిగతా కథ నడిపేవాడని పరిశ్రమలో చెప్పుకుంటారు. మంత్రం అంత పనికొచ్చిన చోటు ఇంకొకటి లేదు.

ఆయన మాయలన్నీ చేతి పనులే. అన్నదమ్ములిద్దరుగా ఎన్.టి.ఆర్. కనిపించాలంటే కెమెరా ముందు సగం కప్పి ఒకసారి తీయాలి, ఫిల్ము వెనక్కి చుట్టి, కప్పిన సగం తెరిచి రెండోవైపు తీయాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడుతుంది. మనిషి మాయం కావాలంటే అందరూ రాళ్లలా నిలబడాలి, ఒక్కడు తప్పుకోవాలి, మళ్లీ కెమెరా తిరగాలి. అస్థిపంజరం ఆడాలంటే వెనక నల్ల దారాలు పట్టుకున్నవాళ్లుండాలి. దారం కనిపించిన చోట్లున్నాయి. కనిపించినా ఎవరూ టికెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. సముద్రాల అవతల రే హ్యారీహౌసెన్ 1958లో సింద్‌బాద్ సాహసాల కోసం బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకు కొంచెం కొంచెం కదిలించి తీశాడు. అతనికి నెలలు నెలలు టైముంది. విఠలాచార్యకు ఉన్నవి రోజులు. అయినా ఇద్దరూ జనంతో చేసుకున్న ఒప్పందం ఒకటే. ఇది బొమ్మ అని మీకు తెలుసు, మాకూ తెలుసు, రెండు గంటలు కలిసి నమ్ముదాం.

విఠలాచార్య సినిమాలను చవకబారువని కొట్టిపారేసినవాళ్లు ఆ కథల్లోకి సరిగా చూడలేదు. ‘బందిపోటు’లో కథానాయకుడు పేరుకు తగ్గట్టే గజదొంగ, ప్రజల పక్షం మనిషి. 1965 నాటి ‘మంగమ్మ శపథం’ మరీ గట్టిది. పల్లెపడుచు ఒకతె రాజుతో తలపడుతుంది. నీకే కొడుకును కని, వాడిచేతే నిన్ను కొరడాతో కొట్టిస్తానని శపథం చేస్తుంది, నెగ్గుతుంది. దుగ్గిరాలలో పెరిగిన జమున ఆ వేషం వేసింది. మగవాళ్ల కత్తులు ఒరలోనే ఉండగా మొత్తం యుద్ధం ఒక ఆడమనిషి నోటి మాటతో నడిచిన జానపదం అది.

కాంతారావు లేకుండా ఈ కథ చెప్పలేం. కోదాడ దగ్గర గుడిబండవాడు. బెజవాడ నుంచి హైదరాబాదు పోయే దారిలో ఉంటుంది ఆ ప్రాంతం. పెద్ద తారలు చేయి ఖాళీ లేనప్పుడు విఠలాచార్యకు దొరికిన వరం అతను. కత్తి కాంతారావు అని జనమే పేరు పెట్టారు. ‘లవకుశ’లో లక్ష్మణుడు, ఎన్నో పౌరాణికాల్లో నారదుడు అతనే. కానీ ప్రతినాయకుడు రాజనాలతో మెట్ల మీద కత్తి తిప్పుతూ ఎక్కిదిగే కాంతారావునే ఊళ్లు గుర్తుపెట్టుకున్నాయి. బి సెంటర్లలో, సి సెంటర్లలో తారంటే అతనే. సొంతంగా సినిమాలు తీసి ఉన్న పొలం పోగొట్టుకున్నాడు. ఆత్మకథకు ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని పేరు పెట్టుకున్నాడు.

డెబ్బైల్లో గాలి మారింది. రంగుల ఫిల్ము ఖరీదైంది. 1977లో ‘అడవి రాముడు’ వచ్చాక కథానాయకుడు ప్యాంటు తొడిగి అడవిలో దొంగల్ని కొట్టడం చాలునని తేలిపోయింది. విఠలాచార్య మాత్రం 1978లో పెద్ద తారలెవరూ లేకుండా, నరసింహరాజు, జయమాలినిలతో ‘జగన్మోహిని’ తీసి తమిళనాట కూడా డబ్బు చేసుకున్నాడు. తెనాలి దగ్గర బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ 1986లో ‘సింహాసనం’తో తెలుగుకు 70 ఎం.ఎం. తెర తెచ్చాడు. కొత్త సాంకేతికత చూపించడానికి ఆయన ఎంచుకున్నది సాంఘికం కాదు, రాజ్యం కోట కత్తి ఉన్న జానపదం. తెర పెద్దదైతే దానిలో పట్టేది అదేనని ఆయనకు తెలుసు.

1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. నిర్మాత అశ్వినీదత్ విజయవాడవాడు, దర్శకుడు రాఘవేంద్రరావు కొలవెన్ను కుటుంబంవాడు. అదే రోజు తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. వందల ప్రాణాలు పోయాయి. దివిసీమ, బందరు మునిగాయి. రోడ్లు తెగి, కరెంటు పోయి, హాళ్లలోకి నీళ్లొచ్చిన రోజుల్లో కూడా ఆ సినిమా నిలబడింది. ఎందుకు నిలబడిందో తోట రాముణ్ణి ఎరిగినవాళ్లకు తేలికగానే తెలుస్తుంది. కథానాయకుడు యాత్రికులకు దారి చూపించే గైడు. నలుగురు అనాథ పిల్లల్ని సాకుతున్నవాడు. వాడి చేతికి ఇంద్రుడి కూతురి ఉంగరం దొరుకుతుంది. అధికారం కోసం బలి అడిగే మాంత్రికుడు అందులోనూ ఉన్నాడు. నలభై ఏళ్ల తర్వాత అదే మనిషి ప్యాంటూ చొక్కా వేసుకుని మళ్లీ వచ్చాడు.

1994లో వచ్చిన ‘భైరవద్వీపం’ పాతకాలపు చివరి దీపం. కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు. చందమామ-విజయా కంబైన్స్ నిర్మాణం. తోట రాముడి కొడుకు బాలకృష్ణ కథానాయకుడు అంటే తప్పేమీ కాదు. గురువుగారి పొందిక ప్రతి సన్నివేశంలోనూ ఉంది. కాకపోతే ఇక్కడ అడవిలో పెరిగినవాడు చివరికి రాజు బిడ్డేనని తేలుతుంది. ఈ మలుపు కొత్తది కాదు, పాత సినిమాల్లోనూ ఎన్నోసార్లు వచ్చిందే. కానీ దాని బరువు మారుతూ వచ్చింది.

2009 మార్చి 22న కాంతారావు హైదరాబాదులో పోయాడు. ఆ ఏడాది జనవరిలో ‘అరుంధతి’, జూలైలో ‘మగధీర’ వచ్చాయి. కత్తి తెలుగు తెర మీదికి తిరిగి వస్తున్న సంవత్సరంలోనే కత్తి కాంతారావు వెళ్లిపోయాడు. చివరి ఏళ్లలో అతను చిన్న చిన్న వేషాలతో కాలం గడిపాడన్నది పరిశ్రమ మరిచిపోకూడని విషయం. ఆ తర్వాత 2015లో, 2017లో రెండు భాగాల ‘బాహుబలి’, 2022లో ఎన్.టి.ఆర్. మనవడు కల్యాణ్‌రామ్‌తో ‘బింబిసార’. హాళ్లు దద్దరిల్లాయి. విజయవాడలో అర్ధరాత్రి ఆటలకు జనం తిరునాళ్లలా వచ్చారు. ఈ సినిమాల సాంకేతిక నైపుణ్యం ముందు పాతవాళ్ల నల్ల దారాలు ఎంత? నాకు అందులో అనుమానం లేదు.

కానీ ఒక్కటి పట్టి చూడాలి. ‘బాహుబలి’లో కొడుకు జలపాతం కింద గూడెంలో పెరుగుతాడు. శివలింగాన్ని భుజానికెత్తుకుంటాడు. అతను అంతటివాడు కావడానికి కారణం ఆ గూడెం కాదు, అతని రక్తం. మాహిష్మతి సైనికులు అతని ముఖం చూసి మోకరిల్లుతారు. తోట రాముడి ముఖం చూసి ఉజ్జయినిలో ఎవరూ మోకరిల్లలేదు. అతణ్ణి పెడరెక్కలు విరిచికట్టి రాజు ముందుకు తోశారు. తన విలువ తను నిరూపించుకున్నాకే తల ఎత్తాడు. కొత్త జానపదంలో వీరుడు పోయిన సింహాసనాన్ని తిరిగి తెచ్చుకుంటాడు, పాతదానిలో ఎప్పుడూ తనది కానిదాన్ని సాధించుకుంటాడు. ఈ తేడా చిన్నది కాదు.

ఆ సినిమా మొత్తంలో నాకు పాత జానపదం వాసన తగిలింది కట్టప్ప దగ్గరే. తరతరాలుగా సింహాసనానికి బానిసగా కట్టుబడ్డ మనిషి, అన్నం పెట్టిన చేతిని నరికే పని కూడా ఆజ్ఞ అయితే చేయక తప్పనివాడు. అతనికి వయసుకొచ్చిన కొడుకొకడు ఉండి, తండ్రి మాటను ధిక్కరించి, ఆ మాట ఎందుకిచ్చావని అడిగి, కోటగుమ్మం దాటి ఉంటే? పింగళి కథ రాసి, కె.వి. రెడ్డి తీసి ఉంటే, వాళ్లు కథ మొదలుపెట్టేది ఆ కొడుకు దగ్గరే.